ఉత్తర బాటల మరమ్మతు విద్య

యంత్రములను నిర్మించినవారి చరిత్ర గ్రంథస్థమైనంతగా, వానిని మరమ్మతు చేసి చిరకాలము నిలిపినవారి చరిత్ర గ్రంథస్థము కాలేదు. ఒక మోటారుకారు ఏ సంవత్సరమున కర్మాగారమునుండి వెలువడెనో, దాని యింజను శక్తి యెంతయో, దాని వెల యెంతయో చెప్పు పుస్తకము లనేకము లున్నవి. అదే కారు నలువది యేండ్ల తరువాత నేలరేకు చివికి, బ్రేకులు సడలి, ఏదో యొక షెడ్డు ముందు నిలిచినప్పుడు దానికి మరల ఆయువు పోసిన చేతుల కథ చెప్పు పుస్తకములు మాత్ర మరుదు. హైదరాబాదు నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా సాగిపోవు రెండు రాజమార్గముల వెంట ఈ విద్య యెట్లు నెలకొనెనో, దాని మూలము లెక్కడివో, దాని ధర్మ మేమియో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఈ రెండు బాటలును సికింద్రాబాదు దండు ప్రాంతమునుండియే బయలుదేరుచున్నవి. మేడ్చల్ మీదుగా పోవునది ప్రాచీనమైన నాగపూరు బాట; కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదుల మీదుగా గోదావరిని దాటి ఉత్తరాపథమునకు చేరును. శామీర్‌పేట మీదుగా పోవునది కరీంనగరపు బాట. తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేటలను ఒరసికొనుచు చెరువు ప్రక్కగా సాగును. పందొమ్మిదవ శతాబ్ది ముగియుచుండగా మన్మాడు వరకు వేసిన మీటరుగేజి రైలుమార్గము బొల్లారమునకును మేడ్చలునకును ఆవిరియంత్రములను తెచ్చెను. 1806లో సికింద్రాబాదునకు ఆ పేరు స్థిరపడిననాటినుండి ఈ దిక్కున తుపాకులు, బండ్లు, రైళ్ళు, తరువాత మోటారులు, అన్నియు ఇనుపసామగ్రియే నడచినది గావున, ఇనుమును బాగుచేయు చేతులకు ఇచ్చట ఏనాడును పని కొదువ లేకపోయెను.

ఆ నాగపూరు బాట వెంట ఇంకను ముందుకు పోయినచో, ఇనుముతో తెలుగువారికి గల చుట్టరికము మోటారులకంటె మిక్కిలి పాతదని తెలియును. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము మూసలలో కరగించిన ఉక్కునకు దేశదేశముల ప్రసిద్ధి కెక్కినది. పారసీక వర్తకులు ఆ ఉక్కుముద్దలకై యింతదూరము వచ్చెడివారు. లాంబ్టన్ నడపిన భూమికొలత దండులో భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన వాయిసీ అచ్చటి పద్ధతిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము ఆయన మరణానంతరము 1832లో ప్రకటితమయ్యెను. ఆ కొలుములు చల్లారినను, రేకు రంగును చూచి వేడిని గుర్తించు చూపు, సుత్తిదెబ్బ ధ్వనిని విని లోహము గట్టిదనమును తెలిసికొను చెవి ఈ ప్రాంతపు పనివారికి నేటికిని కలవు.

మోటారు ఈ సీమకు మొదట రాచవైభవముగానే వచ్చెను. 1911లో దివంగతుడైన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొరకు తయారైన పసుపువన్నె రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు, బార్కర్ సంస్థ పైకట్టుతో, చౌమహల్లా ప్రాసాదమున నేడును దర్శనీయముగా నున్నది. అంతటి వైభవము గల కారుజాతికి ఆ కాలమున ముందు చక్రములకు బ్రేకులే లేవు; 1924 ప్రాంతమునగాని ఆ సంస్థ నాలుగు చక్రముల బ్రేకులను తన కార్లకు అమర్చలేదు. ప్రజల మోటారు తరువాత వచ్చెను. 1932లో నిజాము రైల్వేవారు రోడ్డు రవాణాశాఖను 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ప్రారంభించిరి. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఈ దారుల దుమ్ము త్రొక్కినవి. ఆ తరమునకు చెందిన ‘డెక్కన్ క్వీన్’ అను బస్సు ముషీరాబాదులోని బస్ భవన్ ఆవరణమున భద్రపరుపబడి యున్నది.

రెండవ ప్రపంచయుద్ధకాలము ఈ విద్యకు నిజమైన పాఠశాల. విదేశములనుండి విడిభాగములు రాని ఆ దినములలో, ఉన్నదానితోనే నెట్టుకొని వచ్చుట తప్పనిసరి యయ్యెను. 1942లో వెలసిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ కాలక్రమమున సనత్‌నగరమున బస్సుల పైకట్టును నిర్మించుటలో పేరుగాంచెను. 1943లో ప్రాగా టూల్స్ స్థాపితమై పనిముట్లను తయారుచేయసాగెను. ఆ సంవత్సరముననే భారతసైన్యమున విద్యుత్, యాంత్రిక యింజనీర్ల దళ మేర్పడెను. ఆ దళపు కళాశాల అనంతరకాలమున శామీర్‌పేట బాటమీది తిరుమలగిరికి తరలివచ్చి స్థిరపడెను. ఇట్టి కార్ఖానాలు వెలసినచోట, వాని గోడల వెలుపలికిని విద్య వ్యాపించుట సహజము. రేకును వంచుట, రివెట్టు వేయుట, గ్యాసు వెల్డింగు చేయుట, పెయింటు చల్లుట అను కళలు చేతినుండి చేతికి పారి, బాట ప్రక్క షెడ్లకు చేరినవి.

స్వాతంత్ర్యానంతరము దిగుమతులు కట్టడి కాగా, దేశమున మూడు నాలుగు జాతుల కార్లే మిగిలినవి. అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు హెరాల్డు, ఇవియే దశాబ్దములపాటు మధ్యతరగతి గృహస్థునకు తెలిసిన కార్లు. క్రొత్తదానికి ఏండ్ల తరబడి వేచియుండవలసిన కాలమున పాతదానిని పారవేయు ఆలోచనయే ఎవ్వరికిని కలుగలేదు. అందుచేత షెడ్డులో ఉస్తాదు, అతని క్రింద డెంటరు, పెయింటరు, ఎలక్ట్రీషియను, పానాలు అందించు కుఱ్ఱవాడు అను వరుస యొకటి స్థిరపడెను. ఉర్దూ, తెలుగు కలగలిసిన మాటలలో పాఠము సాగెడిది; పరీక్ష మాత్రము బాటమీదనే జరిగెడిది.

ఈ విద్యలో మొదటి శత్రువు త్రుప్పు. నీరును ప్రాణవాయువును కలిసి ఇనుమును తాకినచో, అది క్రమముగా తాను గనిలో నున్నప్పటి ఆక్సైడు రూపమునకు మరలిపోవును. ఉప్పు ఈ వినాశమును త్వరపరచును. సముద్రమునకు దూరమై, పొడి గాలి గల హైదరాబాదు సీమలో కార్లు మద్రాసు, విశాఖపట్టణముల కార్లకంటె మెల్లగా చివుకును. అయినను వానకాలపు బురద చక్రపుగూళ్ళలో పేరుకొని నెలల తరబడి తడి నిలుపుకొనును; తలుపుల అడుగున నీరు పోవుటకు విడిచిన రంధ్రములు దుమ్ముతో మూసికొనిపోవును; చాపక్రింద చేరిన తేమ ఎవరికంటను పడక నేలరేకును తినివేయును. త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె అధికమైన చోటు నాక్రమించును గనుక, రంగు లోపలినుండి ఉబ్బి పొక్కుగా లేచును; పొక్కు కంటికి కనబడుసరికి వెనుక రేకు చాలవరకు పోయియుండును.

నేర్పరియైన డెంటరు ఈ పనికి పూనుకొను క్రమము చూడదగినది. అత డంబాసిడరు తలుపు క్రింద నుండు డొల్ల దూలమును సుత్తిపిడితో మెల్లగా తట్టుచు పోవును. కంగుమన్నచోట ఇనుమున్నది, డబ్బుమన్నచోట పుట్టీయో త్రుప్పో యున్నది. అనుమానమున్నచోట స్క్రూడ్రైవరు మొనతో పొడిచిచూచును. కోతకు ముందు తలుపు ఖాళీకి అడ్డముగా కడ్డీలు వెల్డుచేసి బిగించును. ఏలయన ఈ కారునకు వేరుగా చట్రము లేదు, శరీరమే చట్రము. ఆ దూలమును ఆధారము లేకుండ కోసినచో కారు నడుము వంగి తలుపులు మరల మూసికొనవు. రెండు ప్రక్కలను ఒకేసారి కోయడు; ఒకవైపు పూర్తియైన పిదపనే రెండవవైపు ముట్టును. చివికినంతవరకు మాత్రమే కాక, తళుకుమను మంచి ఇనుము బయటపడువరకు కోసివేయును. అట్టముక్కపై అచ్చు తీసి, 20 గేజి రేకును ఆ మేరకు కత్తిరించి, అంచులు మడిచి అమర్చును. పిమ్మట అతుకును ఒక కొసనుండి ఇంకొక కొసకు ఏకధాటిగా వేయక, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క వేయుచు, నడుమ తడిగుడ్డతో చల్లార్చుచుండును. లేనిచో వేడికి రేకు మెలితిరుగును.

అతుకు నున్ననైన తరువాత, పగుళ్ళలో మిగిలిన త్రుప్పునకు ఫాస్ఫారికామ్లము పూయుదురు. అది త్రుప్పును గట్టి ఫాస్ఫేటు పొరగా మార్చును. పదునారు వందల యేండ్లుగా ఎండవానల కోర్చి నిలిచిన ఢిల్లీ ఇనుపస్తంభమును కాపాడుచున్నదియు, దాని ఇనుములోని అధికమగు భాస్వరమువలన ఏర్పడిన అట్టి రక్షణ పొరయే యని లోహశాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు. కారు రేకుపై ఏర్పడిన ఫాస్ఫేటు పొరమీద రెడ్ ఆక్సైడు, తరువాత పలుచని పుట్టీ, ఆపైన రంగు. డొల్లభాగములలోపలికి మైనముగాని నూనెగాని చిమ్మి, నీటిరంధ్రములను తెరచియుంచిన నాడే ఈ పని ముగిసినట్లు. త్రుప్పును కోయక దానిపైననే పుట్టీ మెత్తి రంగు వేయుట ఈ వృత్తికి కళంకము. అట్టి కారు రెండు వానకాలములు గడచుసరికి తన రహస్యమును తానే బయటపెట్టును.

రెండవ కార్యము బ్రేకులు. త్రుప్పునకును బ్రేకునకును సంబంధమేమని పాఠకులు సంశయింపవచ్చును. రేకును బ్రేకును, రెండును నీటివలననే చెడును. మోరిస్ మైనర్ వంటి కార్లలో బ్రేకు మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ళ అడుగున, నేలరేకు క్రిందనే యుండును. నేల చివికినచో దానికి రక్షణ లేదు. అదియునుగాక, బ్రేకు ద్రవమునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. డాట్ 3 రకపు క్రొత్త ద్రవము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగదు. తేమ పట్టిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగవచ్చును. అట్టి ద్రవము వేడికి మరిగి ఆవిరియైనచో పెడల్ నేలదాక పోవును, కారు ఆగదు. ఆ తేమయే చక్రపు సిలిండర్ల లోపలి గోడలకు త్రుప్పు పట్టించి పిస్టన్లను బిగింపజేయును.

బ్రేకుల చరిత్రయు ఆసక్తికరమైనది. ద్రవపు ఒత్తిడితో నాలుగు చక్రములను ఒక్కమారే పట్టు పద్ధతి 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారుతో వాడుకకు వచ్చెను. డిస్కుబ్రేకునకు ఇంగ్లండున లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందినను, 1953లో లమాన్ పందెమున జాగ్వార్ కార్లు దానితో నెగ్గినపిమ్మటగాని లోకము దాని మహిమను గుర్తింపలేదు. డ్రమ్ముబ్రేకులో వేడి లోపలనే చిక్కుకొనును. డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగును, లైనరు పట్టు సడలును. డిస్కు గాలికి తెరచియుండును గనుక త్వరగా చల్లారును, నీటిని విదలించివేయును.

కావున పాత కారునకు ముందు చక్రములకు డిస్కులు అమర్చుట మేలైన మార్పే; అది తొందరపాటుతో చేయదగినది మాత్రము కాదు. డ్రమ్ములో షూ చక్రపు భ్రమణముచేతనే మరింత బిగియును. డిస్కునకు ఆ సాయము లేదు గావున వాక్యూం బూస్టరు కావలెను. డ్రమ్ములకొరకు చేసిన మాస్టర్ సిలిండరు గొట్టములలో కొంత ఒత్తిడిని నిలుపుకొనును. దానిని తొలగింపనిచో ప్యాడ్లు డిస్కును ఎల్లప్పుడు ఒరయుచు వేడెక్కును. ఒకేమార్గపు సిలిండరు స్థానమున రెండు మార్గముల సిలిండరు వేసినచో, ఒకచోట గొట్టము పగిలినను రెండవ జత చక్రములు పట్టును; ప్రాణరక్షణకు ఇంతకు మించిన మార్పు లేదు. చివికిన ఇనుపగొట్టములను మార్చుట, వ్యవస్థలోని గాలిని పూర్తిగా తీయుట, ముందు వెనుకల పట్టును సరితూచుట, ఇవి ముగియనిదే కారును బాటకెక్కింపరాదు.

శాసనమును కూడ ఇచ్చట స్మరింపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించిన స్వరూపమును యథేచ్ఛగా మార్చుట కూడదు. సొంతకారు రిజిస్ట్రేషను 15 సంవత్సరముల పిమ్మట, తనిఖీలో నెగ్గిననే, ఐదేసి సంవత్సరములకు పొడిగింపబడును. 2021లో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు దాటి మౌలికరూపమున నున్న వాహనములకు వింటేజి రిజిస్ట్రేషను నొసగు నియమములను తెచ్చెను. అట్టివానిని ప్రదర్శనలు, ర్యాలీలు మొదలగు నిర్ణీతకార్యములకు మాత్రమే బాటమీద నడుపవచ్చును. కావున మార్పు తలపెట్టినవారు ముందుగా రవాణాధికారుల అనుమతి పొంది, తీసివేసిన పాతభాగములను జాగ్రత్తగా దాచుట ఉచితము. రూపమును కాపాడుట చరిత్రకు మనము చెల్లింపవలసిన ఋణము. ఆగు శక్తిని పెంచుట బాటమీది తోటిమనుష్యునకు చెల్లింపవలసిన ఋణము. ఈ రెంటిలో ఏది విడిచినను పని అసంపూర్ణమే.

2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరు నిర్మాణము నిలిచిపోయెను. నేడు మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా 158 కిలోమీటర్ల వలయరహదారి సాగుచున్నది. క్రొత్త కార్లు కంప్యూటరు చూపిన భాగమును మార్చి పంపు సర్వీసు కేంద్రములకు పోవుచున్నవి. చెవితో త్రుప్పును పట్టగల ఉస్తాదులు వృద్ధులగుచున్నారు. వారి విద్య కాగితముమీద లేదు. ఐ.టి.ఐ.లును, ఇంజనీరింగు కళాశాలలును తమ విద్యార్థులను ఈ షెడ్లకు పంపి, ఉస్తాదుల పద్ధతులను వ్రాయించి, చిత్రములు తీయించి భద్రపరుపవలెను. పాత కారు గల పాఠకులకు నా విన్నపము: రంగునకును సీట్లకును సొమ్ము వెచ్చింపకముందే, ఈ వానకాలము రాకముందే, నేలరేకును ఎత్తి చూపింపుడు, బ్రేకు ద్రవమును మార్పింపుడు, ఆ పని చేసిన ఉస్తాదునకు అడిగిన కూలి సంతోషముతో నిండు.