బ్యాటరీ తీస్తే ఆగిపోయే ఇంజను

పోయిన ఆదివారం మా అక్క కొడుకు బొమ్మ విమానంతో గంటన్నర కుస్తీ పట్టాను. గ్లో ఇంజను. ప్లగ్గుకి బ్యాటరీ క్లిప్పు తగిలించి ప్రొపెల్లర్ తిప్పితే చక్కగా స్టార్టవుతోంది. క్లిప్పు తీయగానే నీరసంగా ఆగిపోతోంది. నీడిల్ వాల్వ్ అటూ ఇటూ తిప్పాను, కొత్త ప్లగ్గు వేశాను.. ఊహూ. "ఇంజను పోయింది, కొత్తది కొందాం లేరా" అనేశాను. వాడు మొహం చిన్నబుచ్చుకుని, "అసలు బ్యాటరీ తీసేశాక దీన్ని ఎవరు వెలిగిస్తారు మావయ్యా?" అన్నాడు.

ఇంజనీరింగ్ చదివిన నేను అడగాల్సిన ప్రశ్న అది!

జవాబు కోసం 1817కి వెళ్ళాలి. గని కార్మికుల కోసం అప్పటికే సేఫ్టీ లాంప్ తయారుచేసిన హంఫ్రీ డేవీ, ఆ దీపంలో మంట పైన సన్నటి ప్లాటినం తీగ వేలాడదీసి, బొగ్గు గ్యాసు బాగా ఎక్కువ చేసి చూశాడు. మంట ఆరిపోయింది. తీగ మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉంది! గ్యాసూ, గాలిలోని ఆక్సిజనూ మంట లేకుండానే ప్లాటినం మీద కలుస్తున్నాయి, ఆ వేడికే తీగ వెలుగుతోంది అన్నమాట. ఆల్కహాల్ ఆవిరితోనూ అంతే. మనం కెమిస్ట్రీలో బట్టీ పట్టిన కెటాలిసిస్ ఇదే. ఆ పేరు బెర్జీలియస్ 1835లో పెట్టాడు.

ఇక 1930ల అమెరికా. విలియం బ్రౌన్ తయారుచేసిన బ్రౌన్ జూనియర్ లాంటి చిన్న పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. కానీ స్పార్క్ ప్లగ్గు కావాలంటే బ్యాటరీ, కాయిల్, కండెన్సర్ అన్నీ విమానమే మోయాలి. ఎగరాల్సింది బాల్సా చెక్కా, పల్చటి కాగితమూనూ. దానికి ఇంత బరువా?

1947లో రే ఆర్డెన్ అమెరికాలో గ్లో ప్లగ్గును మార్కెట్లోకి తెచ్చాడు. అందులో ఉన్నది చిన్న ప్లాటినం తీగ చుట్ట. ఇంధనం పెట్రోలు కాదు, మిథనాల్, అంటే ఒక రకం ఆల్కహాల్. లూబ్రికేషన్ కోసం అందులో ఆముదం. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో తీగను వేడెక్కిస్తే చాలు. తర్వాత సిలిండర్లో మండే వేడి, ప్లాటినం మీద మిథనాల్ చేసే రసాయన చర్య కలిసి తీగను వేడిగా ఉంచుతాయి. బ్యాటరీ, కాయిల్ నేల మీదే ఉండిపోయాయి. కొన్నేళ్ళలోనే బొమ్మ విమానాల్లో స్పార్క్ ఇంజన్లు దాదాపు మూలన పడ్డాయి.

కానీ ఆర్డెన్ ఆ బరువును తీసేశాడే గానీ, పనిని తీసేయలేదు. కాయిల్ చేసే పని ఇప్పుడు తీగా, ఇంధనమూ కలిసి చేయాలి. ఇది అర్థమైతే ఇంజను ఎలా ఆగిందో చూసి కారణం పట్టుకోవచ్చు. క్లిప్పు తీయగానే నీరసించి ఆగితే తీగ తన వేడి తను నిలుపుకోలేకపోతోంది: ప్లగ్గు పాతదైనా అయుండాలి, ఇంధనం మరీ ఎక్కువగా వచ్చి తీగను చల్లారుస్తుండాలి, లేదా ఇంధనంలోనే తేడా ఉండాలి. అలా కాక, స్పీడు పెరిగి కీచుమని అరిచి ఆగితే ఇంధనం చాలట్లేదు. ట్యాంకు ట్యూబుకు చిల్లేమన్నా ఉందేమో చూడాలి.

మాది మొదటి రకం. ప్లగ్గు కొత్తదే, నీడిల్ తిప్పి చూశాం, మిగిలింది ఇంధనం. డబ్బా తీసి చూస్తే సగం ఖాళీ, మూత వదులు. మిథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. బ్యాటరీ ఉన్నంతసేపూ ఆ నీళ్ళ సంగతి బయటపడలేదు, అంతే. కొత్త డబ్బా తెచ్చి పోశాం. క్లిప్పు తీశాను.. ఆగలేదు!

ఆఫీసులో పాత కోడ్ చూసి "ఇదెందుకు దండగ" అని ఏదైనా పీకేసేటప్పుడు ఇకనుంచి మావాడి ప్రశ్న గుర్తు చేసుకుంటాను. ఇది తీసేశాక ఆ పని ఎవరు చేస్తారు?