నగరపు గాలి: జర్మనీ ఊళ్ల రెండు వేల ఏళ్ల కథ

హాంబుర్గ్ వీధుల్లో తిరిగే ఏ కారు నంబరు పలక చూసినా మొదట రెండు 'హెచ్'లు కనిపిస్తాయి. మ్యూనిక్ కార్లకు ఒక్క 'ఎం' సరిపోయింది, బెర్లిన్‌కు ఒక్క 'బి' సరిపోయింది. హాంబుర్గ్‌కు మాత్రం రెండక్షరాలు కావలసి వచ్చాయి, 'హాన్సా నగరం హాంబుర్గ్' అని చెప్పుకోవడానికి. మధ్యయుగాల్లో ఉత్తర ఐరోపా వర్తక నగరాలు కట్టుకున్న కూటమి పేరు హాన్సా. దాని ఆఖరి సభ జరిగింది 1669లో. మూడున్నర శతాబ్దాలు దాటినా లూబెక్, బ్రెమెన్, రోస్టాక్ కార్ల మీద కూడా ఆ 'హెచ్' చెక్కుచెదరలేదు. జర్మన్ నగరాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి గుమ్మం నాకు కనిపించలేదు. ఆ దేశంలో దేశం కంటే ఊరు పెద్దది, వయసులో. జర్మనీ ఒకే రాజ్యంగా ఏర్పడింది 1871లో. అప్పటికే కొలోన్‌కు పద్దెనిమిది వందల ఏళ్లు నిండాయి.

ఊరు ఎక్కడ పుట్టాలో నదులు నిర్ణయించాయి. రైన్, డాన్యూబ్ నదులను రోమన్లు తమ సామ్రాజ్యానికి సరిహద్దుగా చేసుకుని ఒడ్డున సైనిక శిబిరాలు వేశారు. మైంజ్, రేగెన్స్‌బుర్గ్ అలా పుట్టినవే. క్రీ.శ. 50లో చక్రవర్తి క్లాడియస్, తన భార్య అగ్రిప్పినా పుట్టిన ఊరికి 'కొలోనియా' హోదా ఇచ్చాడు. ఆ మాటే అరిగి అరిగి కొలోన్ అయింది. మోసెల్ ఒడ్డున ట్రియర్‌లో రోమన్లు కట్టిన నల్లటి రాతి ద్వారం నేటికీ నిలిచి ఉంది. రైన్ దాటి తూర్పుకు వెళితే రోమన్ల జాడ పలచబడుతుంది. అక్కడ చరిత్రను ఊళ్ల పేర్లలో వెతుక్కోవాలి. 'బుర్గ్' అంటే కోట. 'ఫుర్ట్' అంటే నదిని నడిచి దాటే రేవు. ఫ్రాంకులు మైన్ నదిని దాటిన చోటు ఫ్రాంక్‌ఫుర్ట్. మ్యూనిక్ పేరులో క్రైస్తవ సన్యాసులున్నారు. మన సామర్లకోటలూ, పల్లెలూ, పురాలూ తమ కథను పేరులో దాచుకున్నట్టే ఇవీ దాచుకున్నాయి.

నేల మారితే ఊరి రంగు మారుతుంది. ఉత్తరాన బాల్టిక్ తీరపు మైదానంలో కట్టడానికి రాయి దొరకదు. అందుకే లూబెక్ వాళ్లు చర్చిలూ కోటద్వారాలూ గిడ్డంగులూ అన్నీ ఎర్రటి ఇటుకతో లేపారు. మధ్య భాగంలోని అడవి కొండల్లో కలప చట్రాల నడుమ మట్టి నింపిన ఇళ్లు కనిపిస్తాయి. హాంబుర్గ్ సముద్రపు రేవు అని మనం అనుకుంటాం గాని, సముద్రం అక్కడికి వంద కిలోమీటర్లు; ఓడలు ఎల్బ నది మీదుగా లోపలికి వస్తాయి.

పన్నెండో శతాబ్దం నుంచి అసలు కథ నడుస్తుంది. భూస్వామి కింద కట్టుబానిసగా ఉన్న రైతు పారిపోయి నగర ప్రాకారం లోపల ఒక ఏడాది మీద ఒక రోజు పట్టుబడకుండా గడిపితే, యజమానికి అతని మీద హక్కు పోయేది. చాలా నగరాల్లో ఇది చట్టం. నగరపు గాలి మనిషిని స్వతంత్రుణ్ణి చేస్తుందని తర్వాతి తరాలు దాన్ని ఒక్క ముక్కలో చెప్పుకున్నాయి. మాట అందంగా ఉంది కాని పూర్తి నిజం కాదు. లోపలికి వచ్చినవాడికి స్వేచ్ఛ దొరికేది, నగర సభలో కుర్చీ దొరికేది కాదు. అది పెద్ద వర్తకుల సొత్తు. ఇక 1349 ప్రాంతంలో ప్లేగు వచ్చినప్పుడు ఇదే ప్రాకారాల లోపల యూదులను గుంపులు గుంపులుగా చంపారు.

ఆ వర్తకుల సంపద ఉప్పూ చేపల మీద నిలిచింది. క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం నిషిద్ధం, చేప తినవచ్చు. బాల్టిక్ సముద్రంలో హెర్రింగ్ చేప కొల్లలు. దాన్ని నిలవ చెయ్యడానికి ఉప్పు కావాలి. ఉప్పు లూనెబుర్గ్ భూగర్భంలో ఉంది. ఈ రెంటినీ కలిపే దారి మీద కూర్చున్న లూబెక్ హాన్సాకు పెద్దదిక్కయింది. లూబెక్ రాసుకున్న నగర చట్టాన్ని బాల్టిక్ తీరంలో సుమారు వంద ఊళ్లు తెచ్చుకుని అమలు చేసుకున్నాయి. ఒక ఊరి చట్టం ఇంకో ఊరికి ఇలా పాకడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఈ ధనవంతులను జనం 'మిరియాల మూటలు' అని ఎద్దేవా చేసేవారు. ఆ మిరియాలు మన పశ్చిమ తీరానివే. 1505లో పోర్చుగీసు ఓడలు కేరళ తీరానికి వచ్చినప్పుడు వాటిలో ఆగ్స్‌బుర్గ్‌కు చెందిన ఫుగ్గర్, వెల్జర్ వర్తక కుటుంబాల పెట్టుబడి ఉంది.

ఫుగ్గర్ల డబ్బుతో ఆగ్స్‌బుర్గ్‌లో పేదల కోసం కట్టిన ఫుగ్గెరై అనే చిన్న పేట నేటికీ నివాసంలో ఉంది. 1521 నాటి దానపత్రం ప్రకారం ఏడాది అద్దె ఒక్క రైన్ గిల్డరు, ఇప్పటి లెక్కలో 88 సెంట్లు. దాంతోపాటు దాత కుటుంబం కోసం రోజుకు మూడు ప్రార్థనలు చెయ్యాలి. రాత్రి పదింటికి గేటు మూస్తారు. సంగీతకారుడు మోజార్ట్ ముత్తాత ఆ ఇళ్లలోనే తలదాచుకున్నాడు.

1618 నుంచి ముప్ఫై ఏళ్లు సాగిన యుద్ధం ఈ వైభవాన్ని తుడిచిపెట్టింది. ఒక్క మాగ్డెబుర్గ్‌లోనే 1631లో సుమారు ఇరవై వేల మంది చనిపోయారు. 1648 సంధి తర్వాత ఆ నేల దాదాపు మూడు వందల చిన్నా పెద్దా రాజ్యాల ముక్కలచెక్కగా మిగిలింది. ప్రతి రాజుకూ ఒక రాజధాని, ఒక కోట, ఒక నాటకశాల, ఒక గ్రంథాలయం కావలసి వచ్చాయి. 1715లో మొదలైన కార్ల్స్‌రూహెలో కోట నుంచి ముప్ఫై రెండు దారులు సూర్యకిరణాల్లా విచ్చుకుంటాయి. మాన్‌హైమ్ నడిబొడ్డున ఇళ్ల చిరునామాలో వీధి పేరే ఉండదు, చదరంగం గళ్లలా అక్షరమూ అంకే ఉంటాయి. వైమార్ లాంటి చిన్న ఊరికి 1775లో కవి గేటె వచ్చి స్థిరపడ్డాడంటే అక్కడి చిన్న రాజు పిలిచాడు కాబట్టే. లైప్‌జిగ్‌లో రాజు కొలువు లేదు, వర్తక జాతర ఉంది; అక్కడ 1723 నుంచి 1750లో కన్నుమూసేదాకా సంగీతకారుడు బాహ్ నగర సభ దగ్గర జీతానికి పనిచేశాడు. ఇప్పుడు జర్మనీలో ప్రజాధనంతో నడిచే ఒపెరా శాలలు ఎనభై దాకా ఉన్నాయంటే కారణం ఈ ముక్కలచెక్కే. ఫ్రాన్స్‌కు పారిస్ ఉన్నట్టు జర్మనీకి అన్నీ తానే అయిన నగరం ఎన్నడూ లేదు. నేటికీ పార్లమెంటు బెర్లిన్‌లో, రాజ్యాంగ న్యాయస్థానం కార్ల్స్‌రూహెలో, కేంద్ర బ్యాంకు ఫ్రాంక్‌ఫుర్ట్‌లో. ఒక్క నగరం మీదే బరువంతా మోపే దేశాలకంటే ఇది ఆరోగ్యకరమైన ఏర్పాటని నా గట్టి నమ్మకం.

అయితే ఊరి స్వపరిపాలన ఎప్పుడూ మేలే చేసిందని చెప్పలేను. 1892 వేసవి హాంబుర్గ్ అందుకు సాక్ష్యం. యంత్రాల యుగం వచ్చింది, రైళ్లు వచ్చాయి, ఊరు జనంతో కిక్కిరిసింది. కాని తాగునీరు మాత్రం ఎల్బ నుంచి వడపోత లేకుండా నేరుగా కొళాయికి వచ్చేది. వడపోత కేంద్రం ఖర్చు విషయంలో ఇళ్ల యజమానులూ వర్తకులూ నిండిన నగర సభ ఏళ్ల తరబడి మీనమేషాలు లెక్కపెట్టింది. ఆగస్టులో కలరా దిగింది. ఓడల రాకపోకలు ఆగిపోతాయన్న భయంతో వార్త బయటపెట్టడానికి కొన్ని రోజులు తటపటాయించారు. కొన్ని వారాల్లో సుమారు 8,600 మంది చనిపోయారు. పక్కనే ఆనుకుని ఉన్న ఆల్టోనా అప్పట్లో ప్రష్యా కింద ఉన్న వేరే ఊరు. అదీ ఎల్బ నీళ్లే తాగింది, కాకపోతే ఇసుకలో వడగట్టి తాగింది. సరిహద్దు వీధిలో ఒక వైపు ఇళ్లలో శవాలు లేచాయి, ఎదుటి వైపు లేవలేదు. ఎనిమిదేళ్ల కిందట కలకత్తాలో కలరా సూక్ష్మజీవి మీద తన పరిశోధనను ఖాయం చేసుకున్న రాబర్ట్ కోహ్ బెర్లిన్ నుంచి వచ్చి ఆ పేటలు చూసి నిర్ఘాంతపోయాడు. మరుసటి ఏడాది వడపోత కేంద్రం పూర్తయింది. ఈనాడు జర్మనీలో ఏ ఇంట్లోనైనా కొళాయి తిప్పి గ్లాసుతో పట్టుకుని తాగేస్తారు. ఆ నమ్మకం ఎంత ఖరీదు పెట్టి కొన్నదో హాంబుర్గ్ వాళ్లకు తెలుసు.

బెర్లిన్ కథ వేరు. 1871లో ఎనిమిది లక్షల పైచిలుకు ఉన్న జనం, చుట్టుపక్కల ఊళ్లు కూడా కలిపిన 1920 నాటికి ముప్ఫై ఎనిమిది లక్షలయ్యారు. కూలీల కోసం ఒకదాని వెనక ఒకటిగా అద్దె భవనాలు లేచాయి. నడిమి వాకిలి ఎంత వెడల్పుండాలి? 5.34 మీటర్లు. అగ్నిమాపక బండి తిరగడానికి అది చాలు. మనిషికి వెలుతురు ఎంత కావాలన్నది ఆ నిబంధన అడగలేదు. ఊపిరాడని ఆ జీవితానికి జవాబుగా పుట్టినవే నగర శివార్లలో ఇప్పటికీ కనిపించే చిన్న తోటలు. 1860లలో లైప్‌జిగ్‌లో ఏర్పడిన ఒక సంఘం, వైద్యుడు ష్రేబర్ పేరుమీద, ఈ ఉద్యమానికి నాంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ నాలుగు గజాల నేల కౌలుకు తీసుకుని, ఆదివారం టమాటా మొక్కలకు నీళ్లు పోసుకునే అలవాటు అలా మొదలైంది. 1926లో ఫ్రాంక్‌ఫుర్ట్ కొత్త కాలనీల కోసం మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే వాస్తుశిల్పి ఆరున్నర చదరపు మీటర్లలో ఒక వంటగది గీసింది. అడుగు కదపకుండా అన్నీ చేతికందాలన్నది ఆమె లెక్క. మనం ఇప్పుడు ముచ్చటపడి చేయించుకుంటున్న మాడ్యులర్ కిచెన్‌కు అదే మూలం.

1933 నుంచి పన్నెండేళ్లు సాగిన నాజీ పాలనను క్లుప్తంగా చెప్పినా సూటిగా చెప్పాలి. 1938 నవంబరు 9 రాత్రి జర్మన్ నగరాలన్నిటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి. నిప్పు పెట్టినవాళ్లలో చాలామంది ఆ ఊళ్లవాళ్లే. 1933లో బెర్లిన్‌లో ఉన్న లక్షా అరవై వేల మంది యూదుల్లో యాభై వేలకు పైగా హత్యకు గురయ్యారు. ఆ మందిరాల మంటల తర్వాతే ఆకాశం నుంచి బాంబులు పడ్డాయి: 1943లో హాంబుర్గ్, 1945లో డ్రెస్డెన్, మధ్యలో ఇంకెన్నో. యుద్ధం ముగిశాక ఒక్కో ఊరు ఒక్కో దారి పట్టింది. మ్యూనిక్ పాత వీధులనే మళ్లీ నిలబెట్టుకుంది. హనోవర్ కార్ల కోసం వెడల్పాటి రోడ్లు వేసుకుంది. డ్రెస్డెన్ తన ఫ్రావెన్‌కిర్షె చర్చిని 2005లో గాని తిరిగి కట్టుకోలేకపోయింది. కొత్త తెల్ల రాళ్ల మధ్య కాలిన నల్ల రాళ్లు కనబడేలా ఉంచింది. నడిచే దారిలో ఇళ్ల ముందు అరచేయంత ఇత్తడి పలకలు కనిపిస్తే ఆగి వంగి చదవండి. ఆ ఇంట్లో ఉండి, నాజీల చేతిలో బలైనవారి పేర్లవి. శిల్పి గుంటర్ డెమ్‌నిగ్ 1992లో మొదలుపెట్టిన ఆ పలకలు ఇప్పుడు లక్ష దాటాయి.

యుద్ధం తర్వాత తూర్పు, పశ్చిమ జర్మనీలుగా చీలిన దేశంలో 1961 ఆగస్టులో బెర్లిన్ మధ్య గోడ లేచింది. అదే ఏడాది అక్టోబరులో టర్కీతో పశ్చిమ జర్మనీకి కార్మికుల ఒప్పందం కుదిరింది. ఒక తలుపు మూసుకుంటుంటే ఇంకొకటి తెరుచుకుంది. అతిథులుగా పిలిచినవారు బిడ్డా పాపలతో స్థిరపడ్డారు, వారి డోనర్ కబాబ్ ఇప్పుడు బెర్లిన్ తిండి.

ఇవాళ్టి రోజువారీ బతుకులో ఈ చరిత్ర అంతా పొరలుపొరలుగా ఉంది. ఊరి మధ్యన సంత చౌకు, దాని అంచున నగర సభ భవనం, వారంలో ఒకటి రెండు రోజులు కూరగాయల అంగడి. ట్రాము ఎక్కడానికి గేటు ఉండదు, టికెట్టు అడిగేవాడు మధ్యలో ఎప్పుడో వస్తాడు. సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే జీవితం గడుపుతారు, దాన్ని లోటుగా అనుకోరు. ఆదివారం దుకాణాలు మూతపడతాయి. ఆ విశ్రాంతికి 1919 నాటి రాజ్యాంగం ఇచ్చిన రక్షణ నేటి రాజ్యాంగంలోనూ కొనసాగుతోంది. కొత్తగా వెళ్లిన మనవాళ్లు మొదటి ఆదివారం పాల పొట్లం కూడా దొరక్క కంగారు పడతారు.

ఇప్పుడు జర్మనీలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే మొదటి స్థానం. వారిలో ఉన్న మన తెలుగు పిల్లలకు ఒక మాట. బెర్లిన్ నుంచి రైల్లో గంటన్నర లోపే హాలే అనే ఊరు వస్తుంది. ఉప్పు బావుల వల్ల పుట్టిన ఊరది. ఫ్రాంకె అనే మతబోధకుడు అక్కడ 1690లలో అనాథల కోసం ఒక విద్యాసంస్థ నెలకొల్పి, దానికి అనుబంధంగా ముద్రణాలయం నడిపించాడు. మద్రాసులో తెలుగు నేర్చుకుని వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్జె 1743లో అక్కడికే తిరిగి చేరాడు. మనకు తెలిసినంతలో తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలు 1746, 1747లలో ఆ హాలేలోనే వెలువడ్డాయి. ఆ భవనాలు నిలిచే ఉన్నాయి, గ్రంథాలయంలోకి సందర్శకులను రానిస్తారు. ఒక శనివారం కేటాయించి వెళ్లి చూసి రండి.