పాత ఫోర్‌వీల్ జీపుకు పెద్ద ఇంజిన్: డబ్బు పెట్టే ముందు ఇవి చూసుకోండి

పొలం పనికి ఉంచుకున్న పాత మహీంద్రా జీపు బరువు లాగడం లేదంటే, ముందుగా వచ్చే ఆలోచన పెద్ద ఇంజిన్ ఎక్కించడం. ఇస్నాపూర్, పటాన్‌చెరు వైపు హైవే వెంట మెకానిక్ షెడ్లకు కొదవ లేదు కాబట్టి పని సులువే అనిపిస్తుంది. కానీ పెద్ద ఇంజిన్ చాలాసార్లు అసలు లోపాన్ని సరిచేయదు. పైగా బండి కాగితాలు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది.

లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోండి

• నల్ల పొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు, డీజిల్ పంపు చూపించండి.
• నీలం పొగ వస్తూ ఇంజిన్ ఆయిల్ తగ్గుతుంటే రింగులు, బోరు అరిగి ఉండవచ్చు. కంప్రెషన్ పరీక్ష చేయించండి.
• ఇంజిన్ మోత పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు.
• కొద్ది దూరం నడిపాక ఏదైనా చక్రం డ్రమ్ము మిగతావాటికంటే బాగా వేడెక్కితే, ఆ బ్రేకు పట్టేసి ఉంటుంది.
• టైర్లు పెద్దవి వేయించారా? 28 అంగుళాల చోట 31 అంగుళాల టైరు వేస్తే నేల దగ్గర లాగుడు సుమారు పదో వంతు తగ్గుతుంది.

నల్లరేగడిలో దిగబడితే

వాన పడ్డ నల్లరేగడిలో బండి కదలకపోవడానికి కారణం చాలావరకు ఇంజిన్ బలం తక్కువై కాదు, టైరుకు పట్టు దొరక్క. బలం పెంచితే చక్రం ఇంకా వేగంగా తిరిగి లోతుగా దిగుతుంది. దిగబడక ముందే ఫోర్‌వీల్ లో గేరు వేయండి. ఆ గేరులో చక్రాల దగ్గర లాగుడు రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. టైర్లలో గాలి కొద్దిగా తగ్గించండి. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపించండి, ఫోర్‌వీల్ తీసేయండి. తారు రోడ్డు మీద ఫోర్‌వీల్‌లోనే నడిపితే గేర్లు, జాయింట్లు పాడవుతాయి.

పెద్ద ఇంజిన్‌తో వచ్చే చిక్కులు

1980ల నాటి ఎంఎం 540 జీపులో 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్ ఉండేది. ఆ తర్వాత వచ్చిన పాత బొలెరోల్లో 2523 సీసీ ఇంజిన్ ఉండేది. ఇలా మార్చినప్పుడు బిగించే పట్టీలు, క్లచ్, రేడియేటర్, సైలెన్సర్ పైపు కూడా మార్చాల్సి రావచ్చు. అదనపు బలం పాత గేర్‌బాక్సు, క్రౌన్ పినియన్, యాక్సిల్ మీద పడుతుంది. బ్రేకులు మాత్రం పాతవే. వేగం గంటకు 40 నుంచి 60 కిలోమీటర్లకు పెరిగితే, బండిని ఆపడానికి బ్రేకులు రెండింతలకు మించి పని చేయాలి.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

బీమా సంగతి ఇంకా పెద్దది. ప్రమాదం జరిగితే మీ బండి నష్టానికి కంపెనీ పరిహారం నిరాకరించవచ్చు. గాయపడినవారికి చెల్లించిన సొమ్మును మీ దగ్గర రాబట్టుకునే అవకాశమూ ఉంది. ఆ భారం ఒక్కోసారి భూమి అమ్ముకునే దాకా తెస్తుంది.

మీరు చేయదగినవి

1. ఉన్న ఇంజిన్‌కు బోరు పని చేయించడానికి ఎంత అవుతుందో రెండు షెడ్లలో అడగండి.
2. ఇంజిన్ పనికిరాకపోతే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ చూసుకోండి. ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకుని, బిగించాక కొత్త ఇంజిన్ నంబరును ఆర్సీలో ఎక్కించండి. బీమా కంపెనీకీ తెలపండి.
3. పాత ఇంజిన్ కొంటే బిల్లు, అది ఉన్న బండి ఆర్సీ కాపీ తప్పక తీసుకోండి. నంబరు చెరిపిన ఇంజిన్ ఎంత చౌకైనా కొనవద్దు.
4. బ్రేకులు, స్టీరింగ్ బాగు చేయించాకే ఇంజిన్‌పై ఖర్చు పెట్టండి.
5. ఆర్సీలో ఉన్న బరువు మించి పంట ఎక్కించాల్సి వస్తుంటే మీకు కావలసింది పెద్ద ఇంజిన్ కాదు, సరుకు రవాణా బండి. పంట కోతల రోజుల్లో నలుగురు రైతులు కలిసి ఒక బండి కిరాయికి మాట్లాడుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.