ఎర్రగడ్డ సంతలో అండర్‌టేకర్

ఆదివారం పొద్దున. నాగారంలో బయల్దేరి, ఉప్పల్లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎర్రగడ్డలో దిగావు. కిందికి రాగానే సంత. పాత మిక్సీలు, చిక్కుపడ్డ చార్జర్లు, చక్రాల్లేని కార్లు. ఎవరెవరి ఇళ్లలోంచో వచ్చిన సామానంతా పట్టాల మీద కుప్పలు పోసి ఉంది. మెల్లగా నడువు. చూపు నేలమీదే ఉంచు.

అదిగో, బొమ్మల కుప్పలోంచి నల్లబూటు పైకి కనబడుతోంది.

లాగు. ఆరేడంగుళాల మనిషి. పొడవాటి నల్లజుట్టు, నల్లకోటు. డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీవీరుడు అండర్‌టేకర్!

గుండె దడదడలాడుతోంది కదూ? అయినా బేరం అప్పుడే వద్దు, డూప్లికేట్లు బోలెడు. ముఖం చూడు. కళ్ల రంగు గీత దాటలేదు. చేతిలో బరువుగా ఉన్నాడు. కోటు ఎత్తి వెనక దుమ్ము తుడువు. వేలికి చిన్నక్షరాలు తగులుతున్నాయి: మాటెల్. పక్కనున్న సంవత్సరం అచ్చుది, బొమ్మ ఆ తర్వాత ఎప్పుడైనా వచ్చి ఉండొచ్చు. ఈ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ బొమ్మలు మొదలెట్టింది 2010లో. అంతకుముందు జాక్స్ పసిఫిక్ చేసేది. మోకాలు వంచు. రెండు మడతలు పడింది. అంటే ఎలైట్ అనే మేలు రకం!

"ఎంతన్నా?"

"రెండొందలు."

పక్కన ఒక పిల్లాడు వంగి చూస్తున్నాడు. "అన్నా, నువ్వు తీస్కోకుంటే నేను తీస్కుంట."

ఎడమ మోచేయి వంగింది. కుడిది కదలట్లేదు.

"గట్టిగ తిప్పన్నా, వస్తది," అంటున్నాడు దుకాణదారు.

వద్దు. లోపల సన్నటి ప్లాస్టిక్ పిన్ను. రంగు అతుక్కుపోయింది. బలం చేస్తే పుటుక్కుమంటుంది. వదిలేస్తావా? పిల్లాడు చెయ్యి చాపాడు.

డబ్బులిచ్చెయ్. ఇప్పుడు విరిగినా నీదే.

చాయ్ బండి దగ్గరికి నడువు. "అన్నా, జర వేడినీళ్లు." కప్పులో మోచేయి ముంచు. ఒక నిమిషం. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. తియ్యి. బొటనవేలు కీలు మీద పెట్టు. నొక్కు. ఆగు. మళ్లీ ముంచు. నొక్కు. కొంచెం. ఇంకొంచెం.

టిక్.

ఊపిరాగింది. విరిగిందా?

లేదు. వంగింది!

పిల్లాడు వెనకే వచ్చి చూస్తున్నాడు. వాడికి అసలు కావాల్సింది ఇంకో కుస్తీవీరుడు జాన్ సీనా అట. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో సీనా కుస్తీ పట్టిన రాత్రి టికెట్ దొరకలేదట. పద, వాడితో కలిసి మిగతా కుప్పలు కూడా వెతుకు. రెండు కళ్లకన్నా నాలుగు కళ్లు మేలు.

ఇంటికెళ్లాక ఒక పని చెయ్యి. అటక మీద పాత బొమ్మల సంచి ఉంటే తుక్కుకు వేసేముందు విప్పు. ఒక్కో బొమ్మనూ వెనక్కి తిప్పి, ఆ చిన్నక్షరాలు చదువు.