పెంపకంలో పాలుపంచుకున్నవారు: కడప సీమలో కుంగుబాటు, కుటుంబం

వారాల తరబడి వీడని దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వంటి లక్షణాలతో మనిషిని పనికీ పలకరింపుకూ దూరం చేసే జబ్బును వైద్యులు కుంగుబాటు అంటారు. అది తల్లికో తండ్రికో వచ్చినప్పుడు పిల్లలను ఎవరు పెంచారన్న చరిత్రను ప్రొద్దుటూరు పక్కనున్న రాజుపాలెం వంటి మండలంలో వెతకాలంటే ఆస్పత్రి దస్త్రాల కన్నా బంధుత్వాలనే ముందు చూడాలి.

నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో భాగమైన ఈ సీమ మద్రాసు రాజధానికి లోబడి ఉండేది. 1871లో మద్రాసు నగరంలోని కీల్పాక్‌లో వెలసిన మానసిక చికిత్సాలయం ఇక్కడివారికి చాలా దూరం. 1912 నాటి ఉన్మాద చట్టం కూడా రోగిని చేర్చుకునే పద్ధతి, ఆస్తి నిర్వహణల మీదనే ప్రధానంగా దృష్టి పెట్టింది.

ఆ లోటును ఆచారాలు కొంత పూడ్చాయి. తొలి కాన్పుకు కూతురిని పుట్టింటికి తెచ్చుకునే అలవాటు వల్ల, ప్రసవానంతరం ఆమె బిడ్డను దగ్గరికి తీసుకోలేకపోతే అవ్వ చేతులు అందుబాటులో ఉండేవి. మేనత్త కొడుకునో, మేనమామనో చేసుకునే మేనరికం ఉన్న ఇళ్లలో అత్తగారు ముందునుంచీ బంధువే కావడంతో పెంపకాన్ని రెండు ఇళ్లూ సులువుగా పంచుకునేవి. అయితే ఇదే దగ్గరితనం జబ్బును గుట్టుగా దాచడానికీ తోడ్పడింది, ఆ గుట్టు భారం ఎక్కువగా ఆడవారి మీదే పడింది.

వైద్యం కుటుంబాన్ని గుర్తించడం ఆలస్యంగా మొదలైంది. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలోని గుడారాలలో ఉంచారు. 1957లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల నెలకొల్పిన మానసిక ఆరోగ్య కేంద్రం రోగితో బంధువు ఉండడాన్ని చికిత్సలో భాగం చేసింది. రాయలసీమవారు పెద్ద జబ్బులకు వెళ్లే ఊళ్లలో వేలూరు ఒకటి కనుక ఈ మార్పు వారికి దగ్గరిది. 1980లలో పొరుగునున్న బళ్లారిలో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జిల్లా స్థాయి సేవలను ప్రయోగాత్మకంగా నడిపింది; 2009లో అదే సంస్థ బెంగళూరులో తల్లీబిడ్డల వార్డును తెరిచింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదనీ, తప్పనిసరై వేరుచేస్తే ఆ నిర్ణయాన్ని ప్రతి 15 రోజులకూ సమీక్షించాలనీ చెప్పింది. అవ్వలు ఎప్పటినుంచో చేస్తున్న పనికి ఇది న్యాయమైన గుర్తింపే; కాని ఆ నిబంధన తల్లికే పరిమితం కావడంతో, కుంగిపోయిన తండ్రి పక్కన పిల్లలను ఒంటరిగా సాకుతున్న స్త్రీకి అందులో చోటు దొరకలేదు.