రంగు పట్టని గాజు పలకలు

అమెరికాలోని యెల్లోస్టోన్ 1872 మార్చి 1న జాతీయ పార్కు కావడానికి విలియం హెన్రీ జాక్సన్ తీసిన ఫొటోలే కారణమని తరచూ చెబుతుంటారు. అందులో సగమే నిజం. 1871లో ఫెర్డినాండ్ హేడెన్ సర్వే బృందంతో వెళ్లిన జాక్సన్ వాడినవి కొలోడియన్ పూసిన గాజు పలకలు. పూత ఆరకముందే ఫొటో తీసి, అక్కడే చీకటి గుడారంలో పలకను కడగాలి. మామత్ దగ్గర వేడినీటి బుగ్గల నీళ్లతోనే కడగడంతో పలకలు త్వరగా ఆరి పని చురుగ్గా సాగింది. అయితే ఎంత శ్రమపడినా ఆ పూత నీలికాంతికే బాగా స్పందిస్తుంది. నారింజ, ఎరుపు దానికి దాదాపు ఆనవు. బుగ్గ అంచున మండిపోతున్న నారింజ ఫొటోలో నల్లటి మరక అవుతుంది, నడిమి నీలం వెలిసిపోతుంది. రంగు పోవడమే కాదు, వెలుగునీడలే తారుమారవుతాయి.

రంగును వెంట తెచ్చింది అదే బృందంలోని చిత్రకారుడు థామస్ మోరాన్. కాంగ్రెస్ పదివేల డాలర్లకు కొన్న ఆయన పెద్ద చిత్రం పార్కు చట్టం తర్వాతిది. సభ్యుల ముందుకు ముందుగా వెళ్లినవి ఆయన నీటిరంగుల బొమ్మలు. చిత్రకారుడి ఊహను సాక్ష్యంగా ఎలా నమ్ముతామని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉన్నదున్నట్టు దించడం తన ఉద్దేశం కాదని మోరానే చెప్పుకున్నాడు. కానీ ఆయన చొరవ ఎక్కువగా కొండల అమరికలో కనిపిస్తుంది. అక్కడికక్కడ గీసుకున్న స్కెచ్‌ల మీద రంగుల పేర్లు రాసి పెట్టుకున్నాడు. పైగా ఆ రంగులు నమ్మశక్యమైనవేనని విజ్ఞానశాస్త్రం చెబుతుంది. సుమారు 110 మీటర్ల వెడల్పున్న గ్రాండ్ ప్రిస్మాటిక్ బుగ్గలో, కాంతితో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులు దాదాపు 73 డిగ్రీల సెల్సియస్‌కు దిగువనే బతుకుతాయి. అందుకే బాగా వేడిగా ఉండే నడిమి భాగం నీలంగా, చల్లబడే అంచులు పసుపు, నారింజ పట్టీలుగా ఉంటాయి. ఇక ఫొటోలు లేకుంటే, అంతకుముందు ఈ ప్రాంతం గురించి వేటగాళ్లు చెప్పిన మాటల్లాగే ఈ బొమ్మలూ కట్టుకథలయ్యేవన్న వాదన ఉంది. దాన్ని ఒప్పుకుంటాను: ఆకారాన్ని నమ్మించింది జాక్సనే.

ఫొటోకూ బొమ్మకూ ఉన్న ఈ తేడా పట్టించుకోవడానికి బలమైన కారణం యెల్లోస్టోన్‌లోని మార్నింగ్ గ్లోరీ గుండం. మార్నింగ్ గ్లోరీ పూవును పోలిన నీలిమ వల్లే దానికా పేరు. సందర్శకులు విసిరిన నాణేలు, చెత్త నీటిదారులకు అడ్డుపడ్డాయి. నీరు చల్లబడి అంచుల్లోని పసుపు, నారింజ లోపలికి పాకాయి. పాత నీలం గాఢత తెలుసుకోవాలంటే నలుపు తెలుపు ఫొటోలు చాలవు. చేత్తో రంగులద్దిన పోస్టుకార్డులనూ నమ్మలేం. రంగు వేసిన మనిషి గుండాన్ని చూశాడో లేదో కార్డు చెప్పదు. అక్కడే నిలబడి రాసుకున్న వర్ణనలు, వేసుకున్న స్కెచ్‌లే ఆ కాలపు రంగులకు మొదటి ఆధారాలు. వాటిని ఫొటోల పక్కన అలంకారంగా అచ్చువేయడం అన్యాయం.