మొలనున్న ఆయుధము

అనంతపురపు మెట్టసీమలో ఆయుధము ఒకప్పుడు ఒంటిమీది బట్టవలె మనుష్యుని వెంట నుండెడిది. 1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేయగా, ప్రధాన కలెక్టరుగా వచ్చి అనంతపురమున కచేరి పెట్టిన థామస్ మన్రోకు మొదట ఎదురైన చిక్కు ఇదియే. 80 మంది పాళెగాండ్రు, వారి క్రింద 30,000 మంది సాయుధ బంట్రోతులు ఉండిరని ఆయనయే వ్రాసెను. బంట్రోతనగా నేడు మనకు కచేరిలో కాగితములు మోయువాడు తోచును. నాడు ఆతడు కత్తియో తుపాకియో పట్టినవాడు. క్యాంబెల్ సేనాని దండు తోడు రాగా కోటలు లొంగినవి, పాళెగాండ్ర బలము విరిగినది.

ఆయుధము మాత్రము దేశము విడిచిపోలేదు, చేతులు మారినది. 1878 నాటి ఆయుధ చట్టము భారతీయుడు లైసెన్సు లేక తుపాకి పట్టరాదనెను. తెల్లవారికి ఆ నిర్బంధము లేకుండెను. 1893 అక్టోబరులో గుంతకల్లు కడ తెల్ల సోల్జర్లు ఇద్దరు స్త్రీలను తరుమగా, రైల్వే గేటు కాపలాదారు హంపన్న వారికి ఆశ్రయమిచ్చి తుపాకి గుండుకు బలియయ్యెను. గుత్తి వకీలు కేశవపిళ్ళె ఈ అన్యాయమును పత్రికలకెక్కించెను. అయినను మద్రాసు హైకోర్టు విచారణలో ముద్దాయి నిర్దోషిగా వెడలెను. సోల్జరు తుపాకికి లైసెన్సు చట్టముతో పనిలేదన్నది నిజమే. కాని ఆయుధము ఒక జాతివారి హక్కై, మరియొక జాతివారికి నేరమైన కాలమది యని మరువరాదు. హంపన్న స్మారకము గుంతకల్లులో నేటికిని కలదు.

స్వతంత్ర భారతమున 1959లో క్రొత్త చట్టము పుట్టి 1962 అక్టోబరు 1 నుండి అమలైనది. జాతిభేదము పోయినది. 2016 నాటి నియమములు మరియొక అడుగు వేసినవి: బహిరంగ స్థలమున పిస్తోలు ఒరలో, పూర్తిగా కప్పబడి యుండవలెను, మోయువాని అదుపు దానిపై నుండవలెను. లైసెన్సు కోరువాడు ఆయుధమును క్షేమముగా పట్టుట, మోయుట నేర్చుకొనవలెను. పాళెగాని బంట్రోతును ఎవరును ఇట్లు అడిగియుండరని మా తలంపు.

ఈ నేర్పు ఎందులకందురా? చొక్కా క్రిందనున్న పిస్తోలును తీయునప్పుడు ఒక చేత గుడ్డను పూర్తిగా పైకెత్తి, రెండవ చేత పిడిని పట్టవలెను. గొట్టము గురివైపు తిరుగువరకు వ్రేలు మీటమీదికి పోరాదు. పిస్తోలు ప్రక్కన చాచియే యుండవలెను. మరల ఒరలో నుంచుట ఇంకను అపాయకరము. చొక్కా అంచు మీటకు తగులుకొన్నచో గుండు సొంత తొడలోనికే పోవును. అందుచేత అభ్యాసమంతయు ఖాళీ పిస్తోలుతోనే జరుగవలెను. తూటాలు వేరొక గదిలో నుండవలెను. లోపల తూటా లేదని కంటితో చూచి, వ్రేలితో తడవి, మరల చూడవలెను. గొట్టమునకు ఎదుట మనుష్యులుండరాదు. ఇటుకగోడ మేలు, పలుచని తడికకు ఆవల పసిపిల్లలు నిద్రించుచుండవచ్చును. సినిమాలలో కథానాయకుడు రెప్పపాటున పిస్తోలు తీయుట చూచి మురిసిన యువకులు అద్దము ముందర అదే పని చేయబోవుదురు. వేగము నెలల తరబడి మెల్లగా చేసినవానికి తానై వచ్చును. ఒరలో పెట్టునప్పుడు మాత్రము, నెలలు గడచినను ఏండ్లు గడచినను, ఒరవైపు చూచి మెల్లగానే పెట్టవలెను.